చేతులారా

ఏళ్ల తరబడి మంచాన పడి ఉన్న కొడుకు నిద్రమాత్రలు ఎక్కువై చనిపోయాడు. ఆ మాత్రలు వేసిన తల్లి బోనులో నిలబడింది. జడ్జికి తెలుగు రాదు కాబట్టి ఆమె పక్కన దుబాసీ ఉన్నాడు.

“డిడ్ షీ డూ ఇట్ ఆన్ పర్పస్?” అని జడ్జి అడిగాడు.

“కావాలనే వేశావా అని అడుగుతున్నారమ్మా,” అన్నాడు దుబాసీ.

“చేతులారా చంపుకున్నాను, నాయనా.”

దుబాసీ జడ్జి వైపు తిరిగాడు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే ఆమె జైలుకే. డాక్టరు దగ్గరికి ఒక్క పూట ఆలస్యంగా తీసుకెళ్లిన తల్లి కూడా ఇదే మాట అని గుండెలు బాదుకుంటుందని ఈయనకేం తెలుసు?

“బై మిస్టేక్,” అన్నాడు.

సాయంత్రానికి ఆమెను వదిలేశారు.

వరండాలో దుబాసీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. “ఇక భయం లేదమ్మా. పొరపాటున జరిగిందని చెప్పాను.”

ఆమె గ్లాసు అందుకోలేదు.

“పొరపాటని నీతో ఎవరన్నారు? నన్ను చంపెయ్యమ్మా అని వాడు తొమ్మిదేళ్లు బతిమాలాడు. చూసి చూసి, కావాలనే వేశాను. నలుగురిలో ఆ మాట ఒప్పుకుని శిక్ష అనుభవిద్దామని వచ్చాను. ఇప్పుడు నన్నెక్కడికి పొమ్మంటావు, నాయనా?”