ఎవరూ రాలేదు

"మేడం, గేటు దగ్గర ఎవడో గొడవ చేస్తున్నాడు. ఒక్కసారి కిందికి రండి," వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

పరిశోధకురాలు విసుక్కుంటూ మెట్లు దిగింది.

గేటు అవతల భారీ మనిషి. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఇంకా రొప్పుతూనే ఉన్నాడు.

"మా పిల్ల లోపలుంది. పంపండి, తీసుకెళ్ళాలి."

"ఇక్కడ ఏ పిల్లా లేదు."

"లేకపోవడమేంటమ్మా? ఇదిగో, ఇక్కడే ఉందని ఫోన్‌లో చూపిస్తోంది!"

ఆమెకి ఒళ్ళు మండింది. పెళ్ళాం ఫోన్‌లో దొంగచాటుగా యాప్ పెట్టి అడుగడుగునా కాపలా కాసే మొగుళ్ళ గురించి ఆవిడ రాసినన్ని పేజీలు ఇంకెవరూ రాయలేదు మరి!

"ఆమెకి నువ్వేమవుతావు?"

"వాళ్ళాయనకి అన్నని."

"అనుకున్నా! తమ్ముడు పంపాడా?"

"వాడెందుకు పంపుతాడు? ఆ పిల్లే రమ్మంది, వచ్చాను."

"వెతుక్కుంటూ వచ్చే వాళ్ళందరిదీ ఇదే పాట. నడు ఇక్కణ్ణించి!"

వాచ్‌మన్ గేటు మూసేశాడు.

"పోనీ, నేనొచ్చానని ఒక్క మాట చెప్పండి తల్లీ," అతను బయటి నుంచి అరుస్తూనే ఉన్నాడు.

పైన గదిలో ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. కుట్టు నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పి వస్తుంది. జాకెట్టు చేతుల్ని మణికట్టు దాకా లాక్కుంటూ కూర్చుంటుంది.

ఇంట్లో తన్నులు తినే ఆడవాళ్ళ కోసం ఆ ఆఫీసులో ఒక ఫోన్ యాప్ తయారవుతోంది. ఆపదలో నొక్కే ఎర్ర బటన్ కంగారులో కూడా చేతికి దొరుకుతుందా లేదా అన్నదే పరిశోధన. పక్కన మనిషి ఉంటే మొహమాటపడతారని, ఫోన్ చేతికిచ్చి ఒంటరిగా వదిలేస్తారు.

తలుపు చప్పుడుకి ఆ అమ్మాయి దిగ్గున లేచింది.

"ఎవరైనా వచ్చారా మేడం?"

పాపం, ఎంత హడలిపోయిందో అనుకుంది పరిశోధకురాలు. భయపడ్డ వాళ్ళని ఇంకా భయపెట్టకూడదని ఆఫీసు రూలు.

"ఎవరూ రాలేదమ్మా."

"ఏవో కేకలు వినబడితేనూ..."

"వీధిలో ఎవడో తాగుబోతు. నీకోసం ఎవరూ రాలేదు, రారు కూడా. నిశ్చింతగా ఉండు."

ఆ అమ్మాయి చేతిలోని ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

"నాకే బుద్ధి లేదు. ఇంటికెళ్తాను మేడం."

"ఇవాళ వెళ్ళకపోతే ఏం?"

"ఇంకెక్కడికెళ్తాను?"

పరిశోధకురాలు ఆమెని వెనక గేటు నుంచి జాగ్రత్తగా పంపించింది. ఓ ప్రాణం కాపాడానన్న తృప్తితో వేడివేడిగా టీ తాగింది.

మర్నాడు, ఆ అమ్మాయిని వీళ్ళ దగ్గరికి పంపిన డాక్టరమ్మ ఫోన్ చేసింది. స్నానాల గదిలో జారిపడి ప్రాణం పోయిందని మొగుడు చెబుతున్నాడట.

"అయ్యో పాపం!" అన్నాడు పెద్ద ప్రొఫెసరు. ఆ వెంటనే, "ఇంకొకర్ని చూడు. పరీక్షకి మనుషులు తక్కువైతే మన రీసెర్చ్ పేపరు వెనక్కి కొడతారు," అన్నాడు.

పరిశోధకురాలు బాత్రూంలోకెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కొచ్చింది.

"ఆ అన్న లేడూ, వాడే! దారికాచి పట్టుకుని తమ్ముడికి అప్పగించి ఉంటాడు. పురుగులు పడి పోతాడు వెధవ!"

యాప్ తయారుచేసిన ఇంజినీరు కంప్యూటర్ ముందు నుంచి కదల్లేదు.

"మేడం... నిన్న ఆవిడ ఎర్ర బటన్ నొక్కింది."

"నొక్కితే? అది ఉత్తుత్తిదే కదా. నిజమని చెబితేనే మనసుపెట్టి చేస్తారని అలా చెప్పాం."

"మెసేజ్ బయటికి పోకుండా నేను ఆపాలి. మర్చిపోయాను. నిజంగానే వెళ్ళిపోయింది, ఆవిడున్న చోటుతో సహా."

"ఎవరికి?"

"'నేను నమ్మే మనిషి' అన్న చోట ఒక్క నంబరే పెట్టుకుంది మేడం," అతను తలెత్తలేదు. "బావగారు అని."