చివరి ఫారం

“ఆ ఫారం ఏదీ?” అన్నాడు బైండింగ్ మేస్త్రి.

కుట్టుబల్ల ముందు కూర్చున్న ఆమె తలెత్తలేదు. చేతిలో సూది మాత్రం ఆగింది.

“నిన్నే చెల్లెమ్మా. ఈ కాపీలో చివరి ఫారం పదహారు పేజీలూ లేవు. ఫారం తప్పిన పుస్తకం ఈ గుమ్మం దాటితే నా తల ఎక్కడ పెట్టుకోను?”

“ఇది కొట్టుకు వెళ్లేది కాదు మేస్త్రిగారూ. మా అమ్మాయికి. రేపు పొద్దున దాని గుండె ఆపరేషన్. ఈ నవల చదివితే గాని థియేటర్లోకి వెళ్లనని కూర్చుంది.”

“చదవనీ. దానికి ఫారం తియ్యడమెందుకు?”

ఆమె జవాబు చెప్పేలోగా పక్క బల్ల దగ్గర కాగితాలు మడిచే ఆవిడ అందుకుంది. నోరు మూతపడదని షాపులో అందరూ ఆవిణ్ణి రేడియో అంటారు.

“ఎందుకంటారేంటి? పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు మీరూ చూశారుగా. ఐదు నవలల పాటు మన కెప్టెనమ్మని అంతరిక్ష ఓడలో చుక్కల మధ్య తిప్పి తిప్పి, ఈ ఆరో నవల చివర్లో నిలువునా చంపేశాడు. ఆ వారమంతా నేను మా ఆయనతో కూడా మాట్లాడలేదు.”

“ఆయన అదృష్టం,” అన్నాడు మేస్త్రి.

“నవ్వండి, నవ్వండి. పత్రిక వాళ్లకి మూటలు మూటలుగా ఉత్తరాలు వచ్చిపడ్డాయట. ఆ రచయిత నాకు కనబడితే అతన్నే రాకెట్టుకి కట్టి పంపిస్తాను. ఈ చివరి ఫారం మడిచినంతసేపూ అచ్చు వైపు చూస్తే ఒట్టు. ఒకసారి చచ్చిన మనిషిని మళ్లీ చావగా చూడమంటారా?”

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. పత్రికలో ఆ చివరి వారం చదివి, కంచం ముందు నుంచి లేచిపోయినవాడే ఆయన కూడా.

“మీ అమ్మాయికి ఇంకా తెలీదా?” అని అడిగాడు ఆమెను.

“అది వారం వారం చదవదు. పుస్తకం వచ్చాక ఏకబిగిన చదువుతుంది. దాని ముందు ఎవరూ నోరు జారకుండా ఇన్నాళ్లూ కాచుకున్నాను.” ఆమె గొంతు తగ్గింది. “కెప్టెన్ ప్రతిసారీ ఓడ తలుపు తీసుకుని ఆ చీకట్లోకి వెళ్లి తిరిగొస్తుంది కదమ్మా, నేనూ అలాగే వెళ్లొస్తా అంటోంది. ఈసారి వెళ్లిన మనిషి రాలేదని చదివితే, పొద్దున్నే స్ట్రెచర్ ఎలా ఎక్కుతుంది చెప్పండి.”

మేస్త్రి పుస్తకం తిరగేసి, మిగిలిన ఆఖరి పేజీ చూశాడు. కెప్టెన్ ఓడ తలుపు తీసి బయటికి అడుగు పెట్టింది. వాక్యం అక్కడికి పూర్తయింది.

“నయం, మధ్యలో తెగలేదు,” అని గొణిగాడు. “మిగతాది వచ్చే భాగంలో అని చెప్పు. ఏదీ, ఆ ఫారం ఇటివ్వు.”

ఆమె ఒళ్లో దాచుకున్నది తీసి ఇచ్చింది. ఆయన దాన్ని విప్పనైనా విప్పకుండా నలిపి కత్తిరింపు ముక్కల గోనెలో కుక్కాడు. పుస్తకానికి తనే జిగురు రాసి, అట్ట వేసి, బరువు కింద పెట్టాడు. మధ్యాహ్నానికి మిగతా కాపీలన్నీ వ్యానెక్కి కొట్లకు వెళ్లిపోయాయి. సాయంత్రం ఆమె ఆస్పత్రికి వెళ్లి, తన కాపీ కూతురి చేతిలో పెట్టి వచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె వార్డుకు చేరేసరికి కూతురు ఆకుపచ్చ గౌనులో స్ట్రెచర్ మీద ఉంది. పుస్తకం గుండెల మీద ఉంది.

“చదివావా తల్లీ?”

“మొత్తం చదివేశా. కెప్టెన్ ఆ వంటమనిషిని తిట్టే చోట గట్టిగా నవ్వేస్తే పక్క మంచం మామ్మ కసిరింది.”

“అయితే ఇంక భయం లేదుగా.”

కూతురు పుస్తకం వీపు మీద బొటనవేలు పెట్టి నొక్కింది. అట్ట లోపలికి దిగింది.

“అట్టలు ముందే కొలతకి చేసి పెడతారు కదమ్మా. మరి ఇది వదులైందేం? నీ పక్కన కూర్చుని ఫారాలు పేర్చినదాన్ని. ఒకటి తగ్గితే నా వేళ్లకి తెలియదా?”

తల్లి పుస్తకం అందుకోబోయింది. కూతురు వదల్లేదు.

“చచ్చిపోయిందా?”

“లేదమ్మా, వచ్చే భాగంలో...”

“నీకు అబద్ధమాడటం రాదమ్మా. బతికుంటే నువ్వెందుకు తీస్తావు?”

పుస్తకాన్ని తల్లి చేతిలో పెట్టి, ముఖం గోడ వైపు తిప్పుకుంది. స్ట్రెచర్ కదిలింది. తల్లి పక్కనే నడుస్తూ ఏదో చెప్పబోయింది. థియేటర్ తలుపులు తెరుచుకుని, వెంటనే మూసుకున్నాయి.

ఆమె అక్కడే బెంచీ మీద కూలబడింది.

రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతున్న నర్సు ఆమె తడికళ్లనీ ఒళ్లో పుస్తకాన్నీ చూసి ఆగింది. నిన్న సాయంత్రం కొట్లో కొన్న అలాంటి కాపీయే నర్సు చంకలోనూ ఉంది. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నా ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“ఇది చదివాక కూడా ఏడుస్తారేంటమ్మా?” అంది. “మనం తిట్టిన తిట్లకి రచయిత దిగొచ్చాడుగా. పత్రికలో చంపితే చంపాడు గాని, పుస్తకంలో ముగింపు మార్చేసి, చివరికి కెప్టెన్ని క్షేమంగా తిరిగి తీసుకొచ్చేశాడు.”