ఎనిమిది మెట్ల కింద

గాజువాకలో ఇప్పుడు ప్రతి ఇంటి తలుపూ మనిషి ఊపిరి వాసన చూశాకే తెరుచుకుంటోంది. తాగొస్తే, మత్తు దిగేదాకా మెట్లే గతి.

క్రేన్ నడిపే సన్యాసిరావు ఓ సాయంత్రం అలాగే మెట్ల మీద కూలబడి, "తాగుడు మానిపించే సంఘం దగ్గర్లో ఏదైనా ఉందేటి?" అని ఫోన్‌ని అడిగాడు.

"ఎనిమిది మెట్ల కిందే ఉంది," అంది ఫోను.

తొంగి చూస్తే, రిటైరైన నర్సు మేరీరత్నం మరో ఇద్దరితో కూర్చుని ఉంది. "మా తలుపులిప్పుడు తెరుసుకుంటన్నాయి బాబూ. అయినా రోజూ ఇక్కడే కూకుంటాం. రా," అంటూ పక్కకు జరిగింది.

మర్నాటి నుంచి డ్యూటీ దిగగానే అతనూ అక్కడే. నలభై రోజులుగా తలుపు ఒక్కసారీ మొరాయించలేదు.

ఇవాళ తలుపు తెరుచుకున్నా సన్యాసిరావు గుమ్మంలోనే నిలబడ్డాడు. "వరాలూ, ఫ్లాస్కు నిండా టీ పొయ్యే. కింద కొత్తాయన కూకుని ఏడుస్తన్నాడు. ఆళ్ల తలుపు తియ్యనేదట."

మొగుడు తాగి కూలబడ్డ ఆ మెట్లు కనబడితేనే మొహం తిప్పుకునే వరహాలు టీ పోసింది. ఫ్లాస్కు మాత్రం మొగుడి చేతికివ్వలేదు. తనే కిందికి దిగి, మొదటి గ్లాసు మేరీరత్నం చేతిలో పెట్టి, ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుంది.