మూల కలిసే లెక్క

ఆ మంగళవారం పొద్దున నాన్న టిఫిన్ డబ్బా ఇంకా బోర్లించే ఉంది.

"పనికి పోవా నాన్నా?"

"నీ ఇంటర్వ్యూ ఉంది గదా బిడ్డా. ఛుట్టీ పెట్టిన."

మాల్దీవుల్లోని ఒక బడికి లెక్కల టీచరు కావాలి. బి.ఎడ్. లేకపోయినా పర్వాలేదు, ఎవరికైనా పాఠం చెబుతూ వీడియో కాల్‌లో కనిపించమన్నారు. కామాఠీపురాలో నా దగ్గర ట్యూషన్ చదివే పిల్లలు ఆ వేళకు స్కూల్లో ఉంటారు. మా ఒంటిగది ఖోలీలో ఉండేది మేమిద్దరమే కాబట్టి నాన్నే విద్యార్థి అయ్యాడు.

తాపీ మేస్త్రీలు గోడ మూల సరిచూసే పద్ధతినే పాఠంగా ఎంచుకున్నాను. దారంతో ఒక గోడ వెంట మూడడుగులు, పక్క గోడ వెంట నాలుగడుగులు కొలిచాను.

"ఈ రెండు కొసల మధ్య ఎన్ని అడుగులుంటే మూల సరిగ్గా ఉన్నట్టు?"

నాన్న చాలాసేపు దారాన్నే చూశాడు. "ఆరు."

దారం ఆయన చేతికిచ్చి, ఐదు అని ఆయనే చెప్పేదాకా మళ్ళీ మళ్ళీ కొలిపించాను. ఇంత ఓపిక ఉన్నవాళ్ళకు డిగ్రీ అక్కర్లేదని ప్రిన్సిపాల్ నవ్వింది. వస్తానో రానో సాయంత్రంలోగా రాయమంది.

కాల్ అయిపోయాక అడిగాను. "ఆరు అన్నవేంది నాన్నా?"

"పాగల్ అనుకున్నవా నన్ను? ముప్పై ఏండ్లు మూలలు గట్టినోన్ని, నాకు తెల్వదా? నేను తప్పు చెప్తేనే గదా నువ్వు నేర్పుడు వాళ్ళకు కనబడేది! రాయి, వస్తున్ననని రాయి."

ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

సైటులో కూలీల పని చూసే ముకాదం సోమవారమే నాకు ఫోన్ చేశాడు. నాన్న కడుతున్న గోడల మూలలు కలవడం లేదని, ఇక పనికి పంపవద్దని చెప్పాడు.