ఉమ్మిన కాగితం

“రక్తం అయింది, మూత్రం అయింది, ఇక జనం ఉమ్మి మీద పడ్డావా తల్లీ?”

ల్యాబు యజమాని ఈ మాట హాలంతా వినబడేట్టు అన్నాడు. ఆయన గొంతెత్తాడంటే అల్మారాలో సీసాలు భయపడి ఒకదాన్నొకటి పట్టుకునేవి. రిపోర్టుల కోసం బెంచీల మీద కూర్చున్నవాళ్ళు తలలెత్తి చూశారు. ఆయనకెదురుగా నిలబడ్డది సొంత కోడలే. ఆమె చేతిలో ఒక గాజు డబ్బా, డబ్బా నిండా వేలెడేసి పసుపు కాగితం ముక్కలు.

“కాస్త ఉమ్మి తడి తగిలితే చాలు మావయ్యా. మూత్రపిండాలు బాగుంటే కాగితం పసుపుగానే ఉంటుంది. పాడైతే ఊదారంగుకి తిరుగుతుంది. సూది అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఎవరింట్లో వాళ్ళే చూసుకోవచ్చు.”

“ఎవరింట్లో వాళ్ళే చూసుకుంటే నేనూ నా మిషనూ కూర్చుని ఈగలు తోలుకోవాలా?”

ఆ మిషను అద్దాల గదిలో ఉంది. దాన్ని లోపలికి తేవడానికి గోడ పడగొట్టారు. అది గుర్రుమంటే వీధిలో సగం దీపాలు బిక్కమొహం వేస్తాయి. కన్నకొడుకునైనా ఏనాడూ ఒళ్ళో కూర్చోబెట్టుకోని ఆ పెద్దమనిషి, పొద్దున్నే వచ్చి దాన్ని మాత్రం మెత్తటి గుడ్డతో తన చేత్తోనే తుడుస్తాడు.

“నేనడిగేది ఒక మూల బల్ల మావయ్యా. ఇక్కడికొచ్చేవాళ్ళ రక్తం మీ మిషను చూస్తుంది. వాళ్ళనే అడిగి నా కాగితంతోనూ చూస్తాను. రెండూ కలిస్తేనే కదా ఎవరైనా నమ్మేది? మీరు కాదంటే ఇన్నేళ్ళ నా పని ఈ డబ్బాలోనే ఉండిపోతుంది.”

“డబ్బా బాగుందమ్మా. ఆ చెత్త పారబోసి గుండీలు దాచుకో.”

హాలు గొల్లుమంది. ముందు బెంచీలో కూర్చున్న లావుపాటావిడ మరీ ఉత్సాహపడింది. “ఉమ్మితేనే రోగాలు తెలిసిపోయేట్టయితే, మా ఆయన ఊళ్ళో గోడలన్నిటికీ పరీక్షలు చేసేసినట్టే!”

యజమాని ఆవిడకేసి మెప్పుగా చూసి, కోడలికేసి తిరిగాడు. “విన్నావా? అదీ నీ శాస్త్రం.”

“పోనీ మీరే ఒక్కసారి చూడండి.”

“నేనా? నీ కాగితానికి నేనిచ్చే మర్యాద ఇదీ!”

డబ్బాలోంచి ఒక ముక్క లాగి, దాని మీద తుపుక్కున ఉమ్మేసి, కౌంటరు మీదికి విసిరాడు.

కోడలు మొహం ఎర్రబడింది కానీ కళ్ళు కాగితం మీంచి తిప్పలేదు. “నాక్కావలసిందీ అదే మావయ్యా,” అంది.

పసుపు ముందు అంచుల్లో మాసింది. తర్వాత మధ్యలో మాసింది. చూస్తూండగానే ముక్క ముక్కంతా వంకాయ తొక్కలా నిగనిగలాడింది. బెంచీల మీద నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

“మావయ్యా, పొద్దున మీ పాదాలు చెప్పుల్లో పట్టలేదు. మొహం కూడా ఉబ్బుతోంది. నేను అత్తయ్యతో అంటూనే ఉన్నాను...”

“చెప్పులు కుట్టినవాడు వెధవ! మొహమంటావా, మా వంశంలో అందరివీ నిండు మొహాలే. మీ పుట్టింటివాళ్ళలా పీక్కుపోయి ఉండవు.” చొక్కా చెయ్యి పైకి లాగి అద్దాల గది వైపు కేకపెట్టాడు. “ఏమోయ్ టెక్నీషియన్! నా రక్తం తియ్. ఈ ఉమ్ముల శాస్త్రవేత్తకి మిషనంటే ఏమిటో చూపిద్దాం.”

టెక్నీషియను పరుగున వచ్చాడు. పొగుడుతూనే సూది గుచ్చాడు, పొగుడుతూనే రక్తం తీశాడు, ఆ గొట్టాన్ని గుండెలకి హత్తుకుని అద్దాల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. లావుపాటావిడ తాబేలులా మెడ చాచి అటే చూస్తూ కూర్చుంది. ఆవిడ మెడ నొప్పెట్టేలోగా అతను రిపోర్టుతో బయటికి వచ్చాడు.

యజమాని ఆ రిపోర్టు హాలంతటికీ చదివి వినిపించాడు. ఒక్క అంకె గీత దాటలేదు.

“పాతికేళ్ళ కుర్రాడికి కూడా ఉండవు ఇలాంటి కిడ్నీలు! చూశావా? నీ కాగితం అబద్ధాలకోరు. నువ్వూ అంతే. మామగారి ఒంట్లో లేని రోగం పుట్టించి పేరు తెచ్చుకుందామనుకున్నావు.”

జనం చప్పట్లు కొట్టారు. ఆయన డబ్బా లాక్కుని, కాగితాలన్నీ వాడిపారేసిన దూది ఉండలున్న బకెట్లో గుమ్మరించి, పైన ఇంత ఫినాయిలు పోశాడు.

“ఇంకోసారి ఈ గుమ్మం తొక్కావంటే నా కొడుకుని కూడా రానివ్వను. వెళ్ళు.”

కోడలు బకెట్లోకి వంగి చూసింది. పసుపంతా తెల్లటి నురగలో కరిగిపోతోంది. ఖాళీ డబ్బా తీసుకుంది.

“కాగితాలు పోతే పోనీండి మావయ్యా. మీరు మాత్రం రక్తం ఇంకోచోట కూడా చూపించుకోండి. ఒక్కసారి.”

“ఇంకోచోటా! వాళ్ళకి తేడా వస్తే నా దగ్గరికి పంపిస్తారే పిచ్చిమొహమా!”

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. బెంచీల మీద వాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. యజమాని అద్దాల గదిలోకి వెళ్ళి, ఉబ్బిన పాదాలు స్టూలు మీద చాపుకుని, మిషను వీపు ప్రేమగా నిమిరాడు.

“శభాష్ రా! మిగతావాళ్ళవి గంటలు గంటలు నానుస్తావు కదా, నాది ఇంత తొందరగా ఎలా తేల్చావోయ్?”

పక్కనే నిలబడ్డ టెక్నీషియను సిగ్గుపడి చేతులు నలుపుకున్నాడు.

“మీ రక్తం మిషన్లో పెడతానా సార్! పోయినేడు పెట్టి, కిడ్నీలు పాడయ్యాయని ఉన్నదున్నట్టు వేసినందుకే కదా, నా ముందాయన్ని మీరు మెడ పట్టి గెంటించారు!”