అద్దం మీద చుట్టాలు

"ఏమండీ, పుట్టినాయి! తొందరగా రండి!"

పళ్ళు తోముకుంటున్న చెన్నకేశవ బ్రష్షు నోట్లో పెట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

హాల్లో, ఉప్పునీళ్ళ తొట్టి అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉంది కమలాక్షి. సెల్‌ఫోను వెలుగులో, ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి చుక్కలు గెంతుతున్నాయి.

"ఏం పురుగులివి?"

"రొయ్యలకు చిన్న చుట్టాలు. పాచి తింటాయి. చూడండి, ఆ రాయి ఎంత తెల్లబడిందో!"

"రొయ్యలని అమ్మతో అనొద్దు తల్లీ. నీసు పేరెత్తితేనే పడదు."

ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వుకున్నారు.

నగలొద్దు, ఇంట్లో కొంచెం సముద్రం కావాలని అడిగిన పెళ్ళికూతురు ఆమె. జువాలజీ చదివింది. అడిగిందే చాలని అతను బెంగళూరు నుంచి తొట్టీ, చేపలూ, ఎండురాళ్ళూ, ఉప్పు ప్యాకెట్లూ మోసుకొచ్చాడు. బియ్యం అంగడివాళ్ళ అబ్బాయి సముద్రం తెచ్చాడని కోలారు బంగారు గనుల పక్కనున్న రాబర్ట్‌సన్‌పేట అంతా చెప్పుకుంది.

పెళ్ళిలో పెళ్ళికొడుక్కి మేనమామ బట్టలు పెట్టేవాళ్ళే లేరు. ఉన్న ఒక్క మేనమామా ఎప్పుడో చచ్చిపోయాడని కమలాక్షి మామగారు శ్రీకంఠయ్య చెప్పి, పంచె తనే కొనుక్కొచ్చాడు.

కొన్నాళ్ళకే ఆకుపచ్చ పాచి జుట్టులా పెరిగి రాళ్ళను కప్పేసింది. ఆదివారం తొట్టి వీధిలో పారేస్తానని శ్రీకంఠయ్య తీర్పు చెప్పేశాడు.

ఈరోజే ఆదివారం. ఆయన బకెట్టుతో రానే వచ్చాడు.

"ఇంగా తియ్యలేదా? బియ్యం అమ్మేవాళ్ళ ఇంట్లో ఈ కంపేందప్పా?"

"తియ్యం మామా. పాచిని తినేవాళ్ళు వచ్చినారు."

కమలాక్షి వెలుగు చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"పురుగులు! బియ్యంలో పురుగు పడితే మేము ఎండకేస్తాం. నువ్వు పండగ చేసుకుంటా ఉండావే! యాడినించి వచ్చినాయివి?"

కమలాక్షి నవ్వు ఆగిపోయింది.

రాళ్ళు ఎండువి. నీళ్ళు కొళాయివి. ఉప్పు ప్యాకెట్లది. వాటిలోంచి ఇవి పుట్టవు. ఎవరో తెచ్చి వదిలి ఉండాలి.

"ఆ ముసలాయన," అన్నాడు చెన్నకేశవ మెల్లగా.

పోయిన నెల, పెద్దవాళ్ళు ఊళ్ళో లేని రోజు, లుంగీ కట్టుకున్న ముసలాయన ఒకడు తెరిచున్న తలుపులోంచి నేరుగా హాల్లోకి వచ్చాడు. చేతిలోని స్టీలు క్యారియరు తొట్టిలో కుమ్మరించాడు. నీళ్ళు, గుప్పెడు గవ్వముక్కలు, కొంచెం నాచు.

"ఏం పోసినావయ్యా?" అని కమలాక్షి అరిచింది.

"సముద్రమమ్మా. మీకని తెచ్చినాను."

పిచ్చివాడనుకున్నారు. చెన్నకేశవ రెక్క పట్టుకుని వీధిలోకి నెట్టాడు. ఆయన ఎదురు చెప్పలేదు. చెన్నకేశవ ముఖాన్నే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు.

క్యారియరు ఇక్కడే ఉండిపోయింది. చేపల వాసనని అత్త కామాక్షమ్మ దాన్ని వంటింటి గడప దాటనివ్వలేదు. కొళాయి పక్కన మట్టిలో పడి ఉంది.

కమలాక్షి పెరట్లోకి పోయింది. క్యారియరు కడిగి, బోర్లించి చూసింది. పెళ్ళి సామాన్ల మీద చెక్కించినట్టు, అడుగున చుక్కల అక్షరాల్లో ఒక పేరు, ఊరు.

చదివి, అత్త చేతికిచ్చింది.

కామాక్షమ్మ ఆ అక్షరాలను వేలితో తడిమింది. అలాగే పీటమీద కూలబడింది.

"తిన్నాడా? ఏమన్నా పెట్టినారా?"

"గెంటేసినానమ్మా," అన్నాడు చెన్నకేశవ తల దించుకుని.

ఆమె లేచింది. క్యారియరు పట్టుకుని భర్త ముందునుంచే వంటింట్లోకి నడిచింది.

"దాన్ని వంటింట్లోకా!" అన్నాడు శ్రీకంఠయ్య.

"ఒకరి గిన్నె ఉత్తది పంపకూడదు. పూర్ణం పెట్టి ఓళిగలు చేస్తాను," అంది ఆమె, వెనక్కి తిరగకుండా.

కమలాక్షి వెనకే వెళ్ళి, అత్త మెల్లగా చెప్పిందంతా విని తిరిగొచ్చింది. శ్రీకంఠయ్య చేతిలో బకెట్టు అలాగే ఉంది.

"ఎవురింటికమ్మా ఓళిగలు?"

కమలాక్షి తొట్టికి అడ్డంగా నిలబడింది. చెన్నకేశవ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఈ తొట్టి ఇక్కడే ఉంటుంది మామా. రేపు పొద్దున మేమిద్దరం మారికుప్పం బండెక్కి, బంగారుపేటలో రైలు మారి మద్రాసు పోతాం. చేపలు పట్టేవాళ్ళ పిల్లను చేసుకున్నాడని మీరు బతికుండగానే చంపేసిన ఈయన మేనమామ ఇంటికి, పెళ్ళి భోజనానికి."