నర్సమ్మ కారుకి వైద్యం

నర్సమ్మ తాళం తిప్పింది. కారు టక్‌మంది.

మళ్లీ తిప్పింది. మళ్లీ టక్. ఆపైన ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"తల్లీ, ఇవాళొక్కరోజు!" అని స్టీరింగు పట్టుకుని బతిమాలింది.

కారుకి పద్దెనిమిదేళ్లు. దాని అసలు రంగు తెలియాలంటే డోరు తెరిచి లోపలి అంచు చూడాల్సిందే. అందులోనే నర్సమ్మ రోజూ పన్నెండు ఇళ్లు తిరుగుతుంది. మంచం దిగలేనివాళ్లకి కట్లు మార్చి, సూదులు వేసి వస్తుంది. సొంత బండి ఉంటేనే ఆ ఉద్యోగం.

"టక్‌మన్నప్పుడు లోపల లైట్లు మసకబారుతున్నాయా, ఆరిపోతున్నాయా?"

ఉలిక్కిపడి చూసింది. గేటు అవతల ఓ పెద్దాయన. మాసిన చొక్కా, చంకన సంచీ. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో ఏమో!

"ఎవరండీ మీరు?"

"ఎవరైతేనేం గానీ, చూసి చెప్పండి."

చూసింది. "మొత్తం ఆరిపోయాయి."

"నిన్న సాయంత్రం?"

"బానే వచ్చింది."

"ఈ మధ్య పొద్దున్నే మొరాయిస్తోందా?"

"అవును. రెండు మూడుసార్లు తిప్పాక కదిలేది."

నర్సమ్మకి నవ్వొచ్చింది. రోగుల దగ్గర తను అడిగేవీ ఇవే. ఎప్పట్నుంచి, ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ. ఆ వెంటనే అనుమానమూ వచ్చింది. వీధి చివర షెడ్డువాళ్లు పంపుంటారు. ఒక నట్టు బిగించి నాలుగు వదులు చేసి పోయే రకం.

"చూడండి, నేనేమీ మార్పించను. ఇవాళో రేపో తుక్కువాళ్లొచ్చి దీన్ని పట్టుకుపోతారు. మా అన్నయ్య వాళ్లకి చెప్పేశాడు."

"మీకిష్టమేనా?"

"ఇష్టమా! ఇది పోతే నా పన్నెండు ఇళ్లూ పోతాయి. ఉద్యోగం ఊడుతుంది. కదలనని మొండికేస్తే నేనేం చెయ్యను చెప్పండి!"



పెద్దాయన కారుకేసి కాసేపు చూశాడు. తర్వాత సంచీ కింద పెట్టాడు.

"కాసిని వేణ్ణీళ్లు, ఓ పాత టూత్‌బ్రష్షు తెస్తారా?"

బానెట్ ఎత్తితే బ్యాటరీ కొసల మీద తెల్లటి పొక్కు, చేయి వేస్తే రాలేట్టుంది.

"ముందు నల్ల వైరు విప్పాలి, తర్వాత ఎర్రది. బిగించేటప్పుడు ముందు ఎర్రది. మర్చిపోకండేం!" అని చెబుతూనే రుద్ది, కడిగి, తుడిచి బిగించాడు.

మధ్యలో ఆయన ఫోను మోగింది. "ఇంకా చూస్తున్నానండీ," అని పెట్టేశాడు.

"ఇప్పుడు తిప్పండి."

కారు ఒక్క ఊపులో లేచింది. లేస్తూనే కీ...మని అరిచింది.

"ఇదిగో, ఈ కూతకే మా అన్నయ్య ఇంజను పోయిందని తేల్చేశాడు."

పెద్దాయన ఎడంగా నిలబడి, తిరిగే బెల్టు మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించాడు. కూత ఠక్కున ఆగింది. క్షణం తర్వాత మళ్లీ మొదలైంది.

"చూశారా? నీళ్లకి నోరు మూసిందంటే అరిచేది బెల్టే. ఇంజను నిక్షేపంలా ఉంది."

కారు ఆపించి బెల్టు బిగించాడు. "ఓ రెండు నెలల్లో కొత్తది వేయించండి. అన్నట్టు, వానొస్తే కాళ్ల దగ్గర తడుస్తోందా?"

"అయ్యబాబోయ్, మీకెలా తెలుసు?"

ఆయన ముందద్దం కింద సందులోంచి గుప్పెడు కుళ్లిన ఆకులు లాగి చూపించాడు. "నీళ్లు పోయే దారి మూసుకుంటే లోపలికే వస్తాయి మరి."

నర్సమ్మ గడియారం చూసుకుంది. మొదటి ఇంట్లో ముసలావిడ ఎదురుచూస్తుంటుంది.

"చాలా మంచిది గానీ, మీ షెడ్డు పేరు మాత్రం చెప్పకండి. నేను రాను."

"నాకు షెడ్డెక్కడిదమ్మా!" అని నవ్వి, సంచీ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

చేతులు కడుక్కోమని కూడా అనలేదే అని నాలుగో ఇంటి దగ్గర నాలిక్కరుచుకుంది నర్సమ్మ.

వారమంతా కారు ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆగలేక షెడ్డు షెడ్డుకీ వెళ్లి అడిగింది. సంచీ పెద్దాయన ఎవరికీ తెలీదు.

"మూడు రోగాలు ఒక్క పూటలో కుదిర్చేవాడా? అలాంటాయన మా దగ్గరుంటే మేం మూసుకోవాల్సిందే!" అని నవ్వాడు ఓ మెకానిక్కు.

ఆదివారం అన్నయ్య వచ్చాడు.

"ఈ డొక్కు ఇంకా ఇక్కడే ఉందేంటే?"

"బాగైంది అన్నయ్యా. ఎవరో దారిన పోయే పెద్దాయన..."

అన్నయ్య వినిపించుకుంటేగా! తుక్కు యార్డుకి ఫోన్ కలిపి, స్పీకర్లో పెట్టి చిందులు తొక్కాడు. "వారం కిందట చెబితే ఒక్కరూ రాలేదేంటండీ?"

"రాకపోవడమేంటండీ!" అవతల యజమాని అంతకంటే గట్టిగా అరిచాడు. "మా మనిషి సోమవారం పొద్దున్నే వచ్చాడు. బాగా నడిచే బండి, నేను తేనని చెప్పాడు. అలా చెప్పడం ఇది మూడోసారి. ఆ పూటే పనిలోంచి తీసేశా."

నర్సమ్మ చటుక్కున ఫోను లాక్కుంది. "ఆయనకి... చంకన సంచీ ఉంటుందా?"

"ఉంటుంది."

"ఎక్కడుంటాడండీ? ఒక్కసారి కలవాలి."

"ఊరొదిలి వెళ్లిపోయాడమ్మా. ఎక్కడికో చెప్పలేదు."

"ఆయన మీ దగ్గర మెకానిక్కా?"

"మెకానిక్కేంటమ్మా, పాతికేళ్లుగా మా యార్డులో బళ్లని ముక్కలు చేసిందే ఆయన."